ఎర్రదారం పైకి

ఎవరింటికి వెళ్లినా నా చూపు ముందుగా వాళ్ల కాళ్ల మీదికి పోతుంది. చీలమండ దగ్గర వాపుందా, మోకాలి కింద బొబ్బ ఉందా, నడకలో ఒక పక్కకు వాలుతున్నారా అని చూసుకున్నాకే ముఖం చూసి బాగున్నారా అని అడుగుతాను. పెండ్లిచూపుల నాడు కూడా వచ్చినవాళ్లందరి కాళ్లూ వరసగా చూశాను. పిల్ల సిగ్గుతో తలెత్తలేదని వాళ్లు మెచ్చుకున్నారట. నారికురుపు మా దిక్కున లేకుండా పోయి చాలా కాలమైంది. ఇప్పటి పిల్లలకు ఆ మాట చెప్తే కథ చెప్తున్నానేమో అనుకుంటారు. నా కండ్లు మాత్రం మానలేదు. అయిదో తరగతిలో ఒక సారు నేర్పిన చూపు అది, నాతోపాటు ముసలిదైంది.

అప్పుడు మేము భువనగిరిలో, గుట్ట నీడ పడే వాడలో ఉండేవాళ్లం. మా బాపు గొర్లు కాసేవాడు. ఊరు పెరుగుతున్నా, చుట్టూ కొత్త ఇండ్లు లేస్తున్నా, మా ఇంటి వెనక కొట్టంలో మంద ఉండేది. అమ్మ వద్దన్నా వినకుండా నన్ను బడికి పంపింది బాపే. "గొర్ల ఎనుక తిరిగేటందుకు నేనున్న గదా, అది సదువుకుంటది" అని ఆయన పట్టుబట్టాడు. వాడలో ఆడపిల్లల్లో అయిదో తరగతి దాకా వచ్చింది నేనొక్కదాన్నే. ఆ సంగతి నేను ఎవరినీ మరిచిపోనిచ్చేదాన్ని కాదు.

వాడంతటికీ తాగునీళ్లు ఒకే మెట్లబావివి. ఆడవాళ్లు మోకాలి లోతు దాకా దిగి, బిందె ముంచుకొని పైకెక్కేవాళ్లు. నీళ్లు తియ్యగా ఉండేవి. ఎండలు ముదిరింది మొదలు తొలకరి దాకా ఇంటికొకరు నారికురుపుతో మంచం పట్టేవాళ్లు. కాలి మీద బొబ్బ లేస్తుంది, నిప్పు పెట్టినట్టు మండుతుంది, పగులుతుంది. అందులోంచి తెల్లటి దారం లాంటి పురుగు తల బయటపెడుతుంది. దాన్ని గుంజితే తెగుతుంది. అందుకని చీపురుపుల్లకు చుట్టి, రోజుకు వేలెడంత చొప్పున, నెల పొడుగునా మెల్లగా తీసేవాళ్లు. లోపల తెగిందంటే కాలంతా చీము పట్టి కొందరికి మోకాలు వంగిపోయి ఇక చాపుకోరాకుండా పోయేది. వేడి చేసి వచ్చిందని కొందరు, నరం సడలిందని కొందరు అనేవాళ్లు. బావిని మాత్రం ఎవరూ తప్పుపట్టలేదు. మంటకు ఓర్చుకోలేనివాళ్లు పోయి ఆ బావి మెట్ల మీదే కూర్చొని కాలు నీళ్లలో పెట్టుకునేవాళ్లు. పెట్టగానే సల్లగా అయ్యేది మరి.

ఆ ఏడు జూన్‌లో మా బడికి కొత్త సారు వచ్చాడు. పట్నంలో ట్రైనింగ్ అయిన మనిషి, సన్నగా ఉండేవాడు, ఎప్పుడూ నవ్వేవాడు కాదు. ప్రకృతి పాఠం పుస్తకంలోంచి చదివించడం ఆయనకు గిట్టేది కాదు. శనివారం శనివారం పొద్దున్నే మమ్మల్ని వరసలో నిలబెట్టి వాడల్లోకి తోలుకపోయేవాడు. ఒక శనివారం మురికినీళ్లు పారే మోరీలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిపోతున్నాయో చూపించాడు. ఇంకో శనివారం గుట్ట మీద పడ్డ వాన ఎటు జారి ఎవరి వాకిట్లోకి వస్తుందో గీతలు గీయించాడు. మూడో శనివారం మా మెట్లబావికి తీసుకొచ్చాడు.

గాజు గ్లాసులో నీళ్లు ముంచి ఎండకు పట్టుకొని, మా చేతికి భూతద్దం ఇచ్చాడు. నలకంత తెల్లటి పురుగులు ఎగిరెగిరి పడుతున్నాయి. పుట్టిన దగ్గరినుంచి తాగిన నీళ్లవి. నా పక్కనున్న పిల్ల నోరు మూసుకొని అవతలికి ఉరికింది.

"నారికురుపు ఉన్న మనిషి నీళ్లలో కాలు పెడితే, పురుగు తన పిల్లల్ని నీళ్లలో వదులుతుంది," అన్నాడు సారు. "వాటిని ఈ నలకలు తింటాయి. ఈ నలకల్ని మనం తాగుతాం. ఈరోజు తాగితే ఈరోజే ఏమీ కాదు. ఏడాది పాటు లోపల పెరుగుతుంది. వచ్చే ఏడు సరిగ్గా ఇదే కాలానికి బయటికి వస్తుంది."

ఏడాది అన్న మాట దగ్గర అందరం ఒకరి కాళ్లు ఒకరం చూసుకున్నాం. ఎవరి లోపల ఏముందో ఎవరికి తెలుసు? ఆ రోజునుంచి మాలో ఆటలు తగ్గిపోయాయి. పెద్దవాళ్లకు తెలియనిది మాకు తెలిసింది కదాని లోపల్లోపల గర్వం ఉండేది. భయం దానికంటే పెద్దది.

తర్వాత శనివారం సారు మమ్మల్ని బావి మెట్ల మీద కాపలా పెట్టాడు. కాలికి పుండున్నవాళ్లు దిగబోతే మర్యాదగా ఆపాలి. నేను అన్నిటికంటే కింది మెట్టు మీద నిలబడ్డాను. కాసేపటికి పైనుంచి గోడ పట్టుకొని, ఒక్కొక్క మెట్టూ దిగుతూ మా బాపు వచ్చాడు. అప్పటికి ఆయనకు కురుపు పగిలి నాలుగు రోజులు. చీపురుపుల్ల మడమ దగ్గర గుడ్డపేలికతో కట్టి ఉంది.

"బాపు, దిగకు," అన్నాను.

ఆయన నన్ను చూశాడు, పిల్లల్ని చూశాడు, పైన నిలబడ్డ సారును చూశాడు. "జర మంట సల్లారాలె బిడ్డా. గంతే," అన్నాడు.

"వద్దు బాపు. నీళ్లల్ల కాలు పెట్టొద్దు." రెండు చేతులూ అడ్డం పెట్టాను.

ఆయన వెనక్కి తిరిగి, మళ్లీ గోడ పట్టుకొని ఎక్కిపోయాడు. ఎవరో పిల్లలు కిసుక్కుమన్నారు. సారు దిగొచ్చి నా తల మీద చెయ్యి పెట్టి శెభాష్ అన్నాడు. నాకప్పుడు సంతోషమే వేసింది. ఆ సంతోషం తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఇంటికొచ్చేసరికి బాపు వాకిట్లో కూర్చొని చెంబుతో కాలి మీద నీళ్లు పోసుకుంటున్నాడు. దగ్గర కూర్చొని సారు చెప్పిందంతా చెప్పాను. ఆయన నోరు తెరిచి విన్నాడు. లోపలినుంచి అమ్మ అంది: "ఇది వరసగ రెండో ఏడు. మంద ఎనుక నడిచెటోడు మంచంల ఉంటే జీవాలు నిలువయి. ఇంకోపారి కాలు పడితే మంద ఉండది, మనం ఉండం." అమ్మ ఊరికే బెదిరించే మనిషి కాదు. పోయినసారి ఆయన లేవలేని రోజుల్లోనే గిట్టలు పుచ్చి ఎన్నో గొర్లు పోయాయి.

"మూడోపారి రాదు," అన్నాను నేను. "ఇయ్యాల్టి సంది నీళ్లు నేనే వడగడుత. వచ్చే ఏడు నీకు రాదు బాపు."

"రాదా?"

"రాదు. నేను జెప్తున్న గదా."

"అయితే ఫికర్ లేదు," అని ఆయన నవ్వాడు. నిజంగానే ఫికర్ పోయినట్టు నవ్వాడు. బడి చదివిన బిడ్డ మాట మీద ఆయనకు అంత గురి.

వడగట్టడం సారే నేర్పాడు. పాత దోతి గుడ్డను నాలుగు మడతలు వేసి అంచులు కుట్టాలి. కుండ మూతి మీద పరిచి పైనుంచి నీళ్లు పోయాలి. నలకలన్నీ గుడ్డ పైవైపున ఆగిపోతాయి. మళ్లీ బిందె పోసేటప్పుడు కూడా అదే వైపు పైకుండాలి. పొరపాటున తిరగేస్తే, ఆగిన నలకలన్నీ నీళ్లతోపాటు కుండలోకి దిగుతాయి. వడగట్టకుండా తాగినదాని కంటే అధ్వాన్నం. అందుకే పైవైపున, మధ్యలో, ఎర్రదారం పోగులు ముడివేసి కుట్టమన్నాడు. "ఎర్రదారం పైకి" అని మా అందరి చేతా అరిపించాడు. అనుమానం వస్తే గుడ్డను మసిలే నీళ్లలో వేసి, కుండ కడిగి, మొదటినుంచి మొదలుపెట్టాలని కూడా చెప్పాడు. అన్నీ చెప్పాడాయన.

మా వరసలో అయిదిండ్లు నాకు అప్పగించాడు. నేను పొద్దున్నే ఇల్లిల్లూ తిరిగి కుండ మీద గుడ్డ ఉందా, దారం పైకి ఉందా అని చూసేదాన్ని. నన్ను చూస్తే ఆడవాళ్లు కొంగు సర్దుకునేవాళ్లు, కాళ్లు కుచ్చిళ్ల కింద దాచుకునేవాళ్లు. మా అమ్మ అయితే "మా కొంపల పంతులమ్మ లేసింది, ఇగ బిందె ముట్టాలన్నా అడగాలె" అని సణిగేది. నేను వినిపించుకునేదాన్ని కాదు. తప్పు చేసినవాళ్ల పేరు సారుకు చెప్పడంలో నాకు భలే ఉత్సాహం. బడిలో గోడకు వేలాడే అట్ట మీద ఇంటికొక గడి ఉండేది. కురుపు ఉంటే ఎర్ర చుక్క, గుడ్డ కట్టిన ఇంటికి పచ్చ గీత. మా బాపు పేరు మీద ఎర్ర చుక్క పెట్టింది కూడా నేనే.

నెల తిరగకముందే బాపు పురుగు మొత్తం బయటికొచ్చింది. పుండు మానుతుండగా, పునర్వసు కార్తెలో, మొదటిసారి మందను తోలుకొని బయలుదేరుతున్న పొద్దది. అదే పొద్దున సారు మా వరసను చూడటానికి వస్తానన్నాడు. నాకు కాలు నిలవడం లేదు. అమ్మ మూడు బిందెలు వరసగా తెచ్చి దించింది. మొదటిది వడగట్టాను. గుడ్డ తీసి బిందె అంచు మీద వేసి, రెండో కుండ కడిగి, మళ్లీ గుడ్డ అందుకున్నాను. దారం లేదు. క్రితం రోజు అమ్మ గుడ్డను బండ మీద బాది ఉతికినప్పుడే కుట్టు వదులైంది. మళ్లీ కుట్టాలి అనుకొని కుట్టలేదు. ఇప్పుడు ఊడిపోయింది.

గుడ్డను ఇటు తిప్పి చూశాను, అటు తిప్పి చూశాను. రెండు వైపులా తడి, రెండు వైపులా ఒకటే రంగు. పొయ్యి ఆరిపోయింది. బాపు గుమ్మంలో గొంగడి భుజాన వేసుకొని, నీళ్లు పట్టుకుపోయే ఎండిన ఆనిగెపుకాయ బుర్ర చాపి నిలబడ్డాడు. సందులో గొర్లు అరుస్తున్నాయి.

"అయ్యిందా బిడ్డా?"

"అయితాంది."

ఇదే పైవైపు అనుకున్నాను. అనుకొని పోశాను. బుర్ర నింపి ఇచ్చాను. ఆయన అక్కడే నాలుగు గుక్కలు తాగి, మీసం తుడుచుకొని, కాలు కొంచెం ఈడుస్తూ మంద వెనక పోయాడు.

ఆయన సందు మలుపు తిరిగాక కుండలోకి చూశాను. అడుగున ఎర్రదారం పోగు ఒకటి ఉంది.

ఊడినా పైవైపు ముడతల్లో చిక్కి నాకు కనబడని పోగు కుండలోకి ఎట్లా వస్తుంది? గుడ్డ తిరగబడితేనే వస్తుంది. అంత మాత్రం నాకు తెలుసు. అయిదిండ్లకూ చెప్పి తిరిగినదాన్ని. ఆ కుండ నీళ్లు అమ్మ చూడకుండా వాకిట్లో పారబోశాను. పరుగెత్తితే వాడ చివర బాపును అందుకునేదాన్ని. ఆయన కుంటుతూ నడుస్తున్నాడు, ఎంతో దూరం పోయి ఉండడు. గుమ్మం దాకా వచ్చాను. ఎదురుగా సారు, వెనక పిల్లలు వరసగా వస్తున్నారు. వాళ్ల ముందునుంచి "బాపూ, ఆ నీళ్లు తాగకు" అని అరుచుకుంటూ ఉరకాలి. నేను ఉరకలేదు. లోపలికి పోయి ఇంకో దోతి ముక్క మడిచి, గబగబా ఎర్రదారం ముడివేసి, ఆ వైపు పైకి పెట్టి, చేతులు కట్టుకొని నిలబడ్డాను. సారు చూసి, బడికి పోయాక మా గడిలో పచ్చ గీత దిద్దాడు.

ఆ పొద్దునుంచి నాకు లెక్క మొదలైంది. బతుకమ్మ ఆడుతుంటే మూడు నెలలు. చలికి గడగడ వణుకుతూ బడికి పోతుంటే ఆరు. ఎవరికీ చెప్పలేదు. రోజూ సాయంత్రం బాపు వాకిట్లో కూర్చోగానే పోయి ఆయన కాళ్లు పిసికేదాన్ని. వేళ్లతో ఎముక వెంట వెతికేదాన్ని, చర్మం కింద ఏదైనా పొడుగ్గా కదులుతుందేమోనని. "నా బిడ్డ దినాం నా కాళ్లు పిసుకుతది" అని ఆయన వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పుకునేవాడు. నేను తల వంచుకొని పిసుకుతూనే ఉండేదాన్ని.

చలికాలం పోకముందే సారుకు బదిలీ అయింది. పోయే రోజు నన్ను పిలిచి, "మీ వరస నీ చేతిలో పెడుతున్నాను. ఏడాది తిరిగేదాకా ఫలితం తెలియదు. చూస్తుండు," అన్నాడు. అప్పుడు చెప్పేద్దామనుకున్నాను. నోటిదాకా వచ్చింది. ఆయన అప్పటికే అట్ట చుట్టి ఇంకో పిల్లకు అందిస్తున్నాడు. ఆ మనిషి మీద నాకు గౌరవం ఉంది, కోపమూ ఉంది. నీళ్లలోకి చూడటం నేర్పాడు, ఊరి నీళ్లు ఎటు పోతాయో నేర్పాడు, ఇతరుల తప్పు పట్టడం మహా బాగా నేర్పాడు. మన చేతిలోనే తప్పు జరిగితే ఎట్లా నోరు తెరవాలో మాత్రం ఏ శనివారమూ చెప్పలేదు. పదేండ్ల పిల్ల చేతికి అయిదిండ్ల కాళ్లు అప్పగించి పోయాడు.

తొలకరి పడింది. మృగశిర పోయింది, ఆరుద్ర పోయింది. నా అయిదిండ్లలో ఒక్కరికీ రాలేదు. అవతలి వరసలో గుడ్డ కట్టని ఇండ్లన్నిట్లో వచ్చింది. ఆడవాళ్లు నన్ను పిలిచి బెల్లంముక్క పెట్టారు. నేను తినలేకపోయాను. పునర్వసు మొదలైన మూడో నాడు బాపు కాళ్లు పిసుకుతుంటే, "గాడ జర గోకు బిడ్డా, దురద పెడతాంది," అన్నాడు. పిక్క కింద చర్మం ఎర్రగా ఉబ్బి ఉంది. గోకలేదు. చెయ్యి అక్కడే పెట్టుకొని కూర్చున్నాను.

బొబ్బ పగిలిన నాడు వాడ ఆడవాళ్లు మంచం చుట్టూ చేరారు. పక్కింటామె నా వైపు చూస్తూనే అంది: "సదివిన పిల్ల వడగట్టిన ఇంట్లనే వచ్చె. ఇగ మాకెందుకమ్మా ఈ బట్టల గోస?" మిగతావాళ్లు తలూపారు. ఆ రోజు వాళ్లు గుడ్డలు తీసేస్తే మళ్లీ కట్టించడం ఎవరి తరమూ కాదు.

బాపు మోచేతి మీద లేచాడు. "ఇంటి నీళ్లు కాదు," అన్నాడు. "దసరా ఎల్లినంక మంద తోలుకొని నకిరేకల్ దిక్కు పోయిన గదా, ఆడ ఒక కుంటల తాగిన. దూప ఆగలె. నా బిడ్డ తప్పేం లేదు. బట్టలు ఇడువకుండ్రి."

దసరా తర్వాత. వేళ్ల మీద నెలలు లెక్కపెట్టాను. తొమ్మిదైనా నిండలేదు. ఏడాది కావాలి. ఆడవాళ్లకు ఆ లెక్క పట్టలేదు, సరేనని పోయారు. గుడ్డలు కుండల మీదే ఉన్నాయి. నేను మంచం కోడు పట్టుకొని నిలబడే ఉన్నాను. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం పెద్ద వాన పడింది. గుట్ట మీది నీళ్లన్నీ, సారు గీయించిన గీతల వెంటే, మా కొట్టంలోకి వచ్చాయి. గొర్రెపిల్లలు నీళ్లలో తేలుతున్నాయి. అమ్మ ఒక్కతే అందుకోలేకపోతోంది. బాపు మంచం దిగి ఉరికాడు. ఒక పొట్టేలు బెదిరి ఆయన కాళ్ల మధ్యనుంచి దూసుకుపోయింది, చీపురుపుల్ల దాని ఉన్నికి పట్టుకొని పోయింది. లోపల తెగిపోయింది. కాలు తొడ దాకా వాచింది. దవాఖానలో నెలన్నర ఉన్నాడు. ప్రాణం దక్కింది, మోకాలు వంగినది వంగినట్టే ఉండిపోయింది. ఆ చలికాలంలోనే మంద మొత్తం కొనుక్కున్నవాళ్లు తోలుకపోయారు. బాపు కర్ర పట్టుకొని వాకిట్లో నిలబడి, గొర్లు సందు మలుపు తిరిగేదాకా చూశాడు. తర్వాత అమ్మ కూలికి పోయింది. నా చదువు మాత్రం ఆపనివ్వలేదాయన.

చాలా ఏండ్లకు నాకు టీచర్ ట్రైనింగ్‌లో సీటు వచ్చింది. బయలుదేరే రోజు పొద్దున, సంచి సర్దుకొని, వాకిట్లో మంచం మీద ఆయన పక్కన కూర్చున్నాను. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేనని తెలుసు.

"బాపు, గా నాడు బట్ట తిరగేసిన. నాకు ఎరుకైంది గని నీ ఎనుక ఉరికి రాలేదు."

ఆయన కర్రతో నేల మీద గీతలు గీశాడు.

"ఎరుకే," అన్నాడు. "పగటాల బుర్ర ఎత్తితే నోట్లెకు ఎర్రపోగు వచ్చింది. ఎర్రదారం పైకి, ఎర్రదారం పైకి అని నువ్వే గదా దినాం వాడంత ఒర్రింది."

"అప్పటికి బుర్రల నీళ్లు ఇంక ఉండెనా?"

"సగం ఉండె."

"మరి పారబొయ్యకపోతివా బాపు?"

"నువ్వు వడగట్టి ఇచ్చినయి," అన్నాడు. "పారబొయ్య బుద్ధి కాలె."

ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు, ఏడవనిచ్చాడు. కాసేపటికి ఎండెక్కుతున్నదని, దూపయితుందని, తాగేటందుకు నీళ్లు తెమ్మన్నాడు. లోపలికి పోయాను. కుండ మీద గుడ్డ ఉంది. దారం పైకి ఉందో లేదో రెండుసార్లు చూసి, అయినా నమ్మకం చాలక, పొయ్యి ముట్టించి ఎసరు పెట్టాను. నీళ్లు మసిలి చల్లారేదాకా ఆయన అట్లాగే కూర్చున్నాడు. నా బస్సు ఆ పూట పోయింది.